గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ పలకట్లేదా? కొత్తది కొనేముందు ఇవి చూసుకోండి

దసరా దగ్గరికొస్తే బెజవాడలో ప్రతి ఏడూ ఇదే వరస. ఫంక్షన్ హాళ్ళు, మాల్స్, చిన్న గుళ్ళు, అందరూ మూల పడేసిన డిటెక్టర్లు బయటికి తీసి స్విచ్ వేస్తారు, కొన్ని పలకవు, కొన్ని ఊరికే కూస్తుంటాయి, వెంటనే కొత్తవి కొనేద్దాం అంటారు. ఆగండి. చేత్తో పట్టుకునే హ్యాండ్ డిటెక్టర్ గానీ, జనం మధ్యలోంచి నడిచెళ్ళే డోర్ ఫ్రేమ్ గానీ, చెడిపోయిందని పక్కన పెట్టినవాటిలో చాలావాటికి లోపలి సర్క్యూట్ బోర్డు బాగానే ఉంటది, పోయింది బ్యాటరీ దగ్గరో వైరు దగ్గరో అయ్యుంటది. వోల్టేజ్, ఓమ్స్ కొలిచే మల్టీమీటర్ పట్టుకోవడం, చిన్న సోల్డరింగ్ పెట్టడం వస్తే చాలు, మీరే చేసుకోవచ్చు.

లోపల ఏం జరుగుద్దో ముందు తెలుసుకోండి, రిపేరుకి అదే ఆధారం. రాగి తీగ చుట్టిన కాయిల్ ఉంటది, దాంట్లో కరెంటు మారుతూ ఉంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుద్ది, అందులోకి లోహం ఏదొచ్చినా ఆ లోహంలో సుడి కరెంట్లు పుట్టి క్షేత్రాన్ని కాస్త మార్చేస్తాయి, ఆ మార్పుని సర్క్యూట్ పట్టుకుని బజర్ మోగిస్తది. అది చాలా సన్నటి తేడా. అందుకే కాయిల్ వదులైనా, వోల్టేజ్ పడిపోయినా, కనెక్టర్ సరిగ్గా కూర్చోకపోయినా, పక్కన ఇనప షట్టర్ ఊగినా మిషన్‌కి అన్నీ లోహం వచ్చినట్టే ఉంటాయి.

హ్యాండ్ డిటెక్టర్ అయితే మొదట బ్యాటరీ మూత తీయండి. ఎక్కువవాటిలో ఉండేది ఆ చిన్న చదరపు 9 వోల్టుల బ్యాటరీ. మీటర్ పెడితే 9 చూపించింది కదా బాగుందిలే అనుకోవద్దు, మిషన్ ఆన్ చేసి బజర్ మోగుతున్నప్పుడే కొలవాలి, అప్పుడు 7 దాకా జారిపోతుంటే అది అయిపోయినట్టే. బ్యాటరీ కొత్తదైనా పలకట్లేదంటే పైన తగిలించే క్లిప్ చూడండి. లోపలి రేకులు వదులైపోయుంటాయి, సన్న ముక్కు కటింగ్ ప్లేయర్‌తో కొంచెం నొక్కితే బిగుసుకుంటాయి. క్లిప్ నుంచి వచ్చే ఎర్ర వైరు, నల్ల వైరు మొదట్లో తెగడం ఇంకా మామూలు, పైన ప్లాస్టిక్ బాగానే కనపడుద్ది, లోపల తీగ తెగిపోయుంటది. క్లిప్ మొత్తం మార్చేయండి, గవర్నర్‌పేటలో ఎలక్ట్రానిక్స్ స్పేర్లు అమ్మే షాపుల్లో అడిగితే దొరికిద్ది, పెద్ద ఖర్చేం కాదు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. చాలా హ్యాండ్ డిటెక్టర్లకి కింద చార్జింగ్ సాకెట్ ఉంటది, దాంతో వచ్చిన రీచార్జబుల్ బ్యాటరీ కొన్నాళ్ళకి దమ్ము తగ్గిపోద్ది, గార్డు పక్క కిరాణా కొట్లో మామూలు బ్యాటరీ కొని వేస్తాడు, రాత్రి షిఫ్ట్ అతను వచ్చి అలవాటుగా చార్జర్ పెట్టేస్తాడు. మామూలు బ్యాటరీకి చార్జింగ్ ఎక్కిస్తే వేడెక్కి కారిపోద్ది, ఒక్కోసారి పగిలిపోద్ది కూడా, ఆ కారిన ద్రవం నేరుగా బోర్డు మీదకి పోద్ది. నేను చూసినంతలో హ్యాండ్ డిటెక్టర్లని నిజంగా చంపేది ఇదే, కింద పడటం కాదు. రీచార్జబుల్ పోతే మళ్ళీ రీచార్జబులే వేయండి, లేదా మామూలు బ్యాటరీలే వాడదాం అనుకుంటే ఆ సాకెట్ మీద టేప్ వేసి మూసేయండి, గార్డులందరికీ చెప్పండి, షిఫ్ట్ రిజిస్టర్‌లో కూడా రాయండి.

కారిపోయి తెల్లగా, పచ్చగా పట్టేసుంటే ఏ బ్యాటరీ కారిందో చూసి శుభ్రం చేయండి. ఆల్కలైన్ అయితే కారేది క్షారం, కాబట్టి ఇయర్ బడ్‌తో కొంచెం వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్దాలి. తక్కువ ధరకి వచ్చే హెవీ డ్యూటీ అని రాసుండే జింక్ కార్బన్ అయితే కారేది ఆమ్ల గుణం ఉన్నది, దానికి వంటసోడా నీళ్ళలో కలిపి అద్దాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి. చేతికి గ్లౌజులు వేసుకోండి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని గీకొద్దు. పండగయ్యాక మళ్ళీ మూల పెట్టేస్తామంటే బ్యాటరీ తీసేసి పెట్టండి, అసలీ గొడవే ఉండదు.

బ్యాటరీ సరిగ్గానే ఉంది, లైట్ వెలుగుతోంది, కానీ తాళం చెవి దగ్గర పెట్టినా మోగట్లేదా, అప్పుడు కాయిల్ దాకా పోయే తీగ చూడాలి. ఆన్‌లో పెట్టి పిడికీ, బల్లపరుపుగా ఉండే భాగానికీ మధ్య జాయింట్ దగ్గర మెల్లగా అటూ ఇటూ వంచండి, ఒకసారి మోగి ఒకసారి ఆగితే తీగ అక్కడే విరిగింది. గార్డులు దాన్ని లాఠీలాగా ఊపుతూ బండ్లని పక్కకి పంపడం, కారు డిక్కీ మీద తట్టడం చేస్తుంటారు, దెబ్బంతా పోయి ఆ జాయింట్ మీద పడుద్ది. స్క్రూలు తీసి, బ్యాటరీ పీకేసి, కాయిల్ రెండు చివర్ల మధ్య మీటర్‌తో కంటిన్యూటీ, అంటే తీగ తెగకుండా ఉందో లేదో చూడండి. తక్కువ ఓమ్స్ చూపిస్తే కాయిల్ బతికే ఉంది, విరిగిన వైరు అతికిస్తే సరిపోద్ది. మీటర్ మీద ఓఎల్ (OL) అని వస్తే తీగ లోపలే తెగింది. ఎపాక్సీ పోసి మూసిన కాయిల్‌ని తవ్వి బాగుచేయడం అయ్యే పని కాదు, కాయిల్ మార్చాలి. వైబ్రేషన్ మాత్రమే రాకపోతే మోటార్ వైరు ఊడిందేమో చూడండి, ఊగీ ఊగీ ఆ సోల్డర్ వదిలేస్తది.

పగుళ్ళ సంగతి. కింద పడి పైడబ్బా చీలితే అరల్డైట్ లాంటి ఎపాక్సీతో అతికించండి. కాయిల్ ఉన్న వైపు ఇనప స్క్రూ, రేకు ముక్క, అల్యూమినియం టేప్ ఏదీ పెట్టొద్దు, మిషన్ దాన్నే పట్టుకుని కూర్చుంటది, స్క్రూ కావాలంటే నైలాన్‌ది వేయండి. సందులు సిలికాన్‌తో మూసేటప్పుడు వెనిగర్ వాసనొచ్చే రకం వద్దు, దాంట్లోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తది, న్యూట్రల్ క్యూర్ అని రాసుండేది అడగండి. మురికి వదలట్లేదని థిన్నర్, అసిటోన్ పెట్టి రుద్దితే ప్లాస్టిక్ కరిగిపోద్ది, తడిగుడ్డ చాలు.

డోర్ ఫ్రేమ్ దగ్గరికొస్తే ఎక్కువ ఫిర్యాదు పలకట్లేదని కాదు, ఎవరూ లేకపోయినా మోగుతోందని. దీనికి విప్పాల్సిన పనే లేదు చాలాసార్లు. 1881లో అమెరికా ప్రెసిడెంట్ గార్ఫీల్డ్‌కి బుల్లెట్ తగిలినప్పుడు అది ఒంట్లో ఎక్కడుందో వెతకడానికి గ్రాహంబెల్ తను చేసిన యంత్రం తెచ్చాడు, పరుపులోని ఇనప స్ప్రింగులు కూడా అడ్డొచ్చి అది దొరకలేదని చెప్తారు. మన గేట్ల దగ్గర కూడా అదే కథ, డిటెక్టర్ పక్కనే రోలింగ్ షట్టర్, పక్కనే ఇనప బారికేడ్, కింద డ్రైనేజీ జాలీ, వెనక కరెంటు ప్యానెల్ ఉంటాయి. ముందు ఫ్రేమ్‌ని జానెడు జానెడు జరిపి చూడండి, షట్టర్‌కీ లిఫ్ట్‌కీ ఎక్స్‌రే మిషన్‌కీ దూరంగా తీయండి. తర్వాత చేత్తో కదిపి చూడండి, ఊగుతుంటే కింద నేల సమానంగా లేదు, కాళ్ళ కింద రబ్బర్ ముక్కలు పెట్టి బోల్టులు బిగించండి, టెంట్ కింద చెక్క పలకల మీద పెట్టినప్పుడు జనం నడిచే అదురుకే మోగుతుంటది. రెండు ఫ్రేములు పక్కపక్కన పెడితే ఒకదాని క్షేత్రం ఇంకోదాంట్లో దూరుద్ది, సెట్టింగ్స్‌లో ఫ్రీక్వెన్సీ లేదా చానెల్ వేరువేరుగా పెట్టాలి, లేకపోతే దూరం జరపాలి. ఇవేవీ చూడకుండా మోత తట్టుకోలేక సెన్సిటివిటీ తగ్గించేస్తారే, అది మాత్రం చేయొద్దు. మోత తగ్గుద్ది, కానీ కత్తి పట్టుకెళ్ళినా మోగదు.

ఒక పక్క మాత్రమే పలకకపోతే పై అడ్డ పట్టీలోంచి సైడ్ ప్యానెల్‌కి దిగే కేబుల్, దాని కనెక్టర్ చూడండి, ప్రతిసారీ విప్పి బిగించడంలో పిన్నులు వంగిపోతాయి. ఎలుకలు కొరికుంటాయి కూడా. కరెంటు పోగానే ఆగిపోతుంటే లోపలి బ్యాకప్ బ్యాటరీ పోయినట్టు, 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ నిండా చార్జ్ అయ్యి కాసేపు పక్కన పెట్టాక కూడా 12.7 దగ్గర నిలబడకపోతే దాని పని అయిపోవచ్చినట్టే. అడాప్టర్లో, పవర్ బోర్డులో ఉబ్బిన కెపాసిటర్లు, అంటే చార్జ్ దాచుకునే చిన్న డబ్బాల్లాంటివి కనపడితే అదే వోల్టేజ్, అదే మైక్రోఫారడ్, 105 డిగ్రీల రేటింగ్ ఉన్నవి వేయండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోద్ది, మే నెలలో మన ఎండకి రేకుల షెడ్డు కింద పెట్టినవాటి పరిస్థితి మీరే ఆలోచించండి.

2024 సెప్టెంబర్లో బుడమేరు వరదకి సింగ్ నగర్, పాయకాపురం వైపు నీళ్ళు ఎలా వచ్చాయో మర్చిపోలేం. అలా మునిగిన మిషన్ పనిచేస్తుందో లేదోనని స్విచ్ మాత్రం వేయొద్దు. ప్లగ్, బ్యాటరీ రెండూ తీసేయండి. కవర్ విప్పి బోర్డు మీది బురదని డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి బ్రష్‌తో కడగండి, బురద ఎండిపోయాక కష్టం. తర్వాత ఐసోప్రొపైల్‌తో తుడిచి, నీడలో ఫ్యాన్ కింద రెండు మూడు రోజులు ఆరబెట్టండి, ఎర్రటి ఎండలో పెట్టొద్దు. సోల్డర్ దగ్గర పచ్చ మరకలు లేవని చూసుకున్నాకే పవర్ ఇవ్వండి. కరెంటుతో నడిచే ఫ్రేమ్ పవర్ బోర్డు మాత్రం తెలిసినవాళ్ళకే ఇవ్వండి, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జ్ ఉంటది.

రిపేర్ అయ్యాక టెస్ట్ తప్పనిసరి, దీంట్లో గుంటూరు కారం మిల్లుల పద్ధతి బాగుంటది. కారం ప్యాకెట్లు బెల్టు మీద మెటల్ డిటెక్టర్లోంచి పోయే చోట ఇనుము, ఇత్తడి లాంటి ఇనుము కాని లోహం, స్టెయిన్‌లెస్ స్టీల్ అని మూడు రకాల టెస్ట్ ముక్కలు పెట్టుకుని పంపి చూస్తారు, స్టీల్ పట్టుకోవడమే అన్నిటికన్నా కష్టం. మీరు కూడా గేటు దగ్గర ఒక స్టీల్ వస్తువు ఎంచుకుని, ఎప్పుడూ దాంతోనే, డ్యూటీ ఎక్కగానే చూడండి. హ్యాండ్ డిటెక్టర్ అయితే ఎంత దూరం నుంచి మోగిందో, ఫ్రేమ్ అయితే చీలమండ దగ్గర, నడుము దగ్గర, భుజం దగ్గర మోగిందో లేదో రాసుకోండి. లైట్ వెలుగుతూ ఏదీ పట్టుకోని మిషన్ అసలు లేనిదానికన్నా ప్రమాదం, గార్డు దాన్నే నమ్ముకుని చేత్తో తడిమి చూడటం మానేస్తాడు. టెస్ట్ ఫెయిల్ అయితే ఎర్ర టేప్ వేసి లోపల పెట్టేయండి, గేటు దగ్గర ఊరికే నిలబెట్టొద్దు.

కాయిల్ లోపల తెగి స్పేర్ దొరకట్లేదంటే ఇక కొత్తది కొనాల్సిందే. కొనేటప్పుడు ఎన్ని లైట్లు ఉన్నాయో కాదు అడగాల్సింది. బ్యాటరీ ఎక్కడైనా దొరికే 9 వోల్టులదేనా, కాయిల్, కేబుల్ విడిగా అమ్ముతారా, గేటు బయట పెట్టేదైతే ఐపీ రేటింగ్ ఎంత అని అడగండి. ఐపీలో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఐపీ 20 అంటే నీటికి రక్షణ లేనట్టే, వానజల్లు పడే చోటికి 65 అడగండి. వారంటీ ఉన్నన్నాళ్ళూ స్క్రూ మీది స్టిక్కర్ చింపొద్దు, పైన చెప్పిన విప్పే పనులన్నీ వారంటీ అయిపోయాకే.