ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నా, అమ్ముతున్నా ఎక్స్ఛేంజ్ లోపే తేల్చుకోవాల్సినవి

ఆఫర్ ఒప్పుకున్నారు, ఇంటి ముందు బోర్డు మీద ఏజెంట్ ‘సోల్డ్ ఎస్‌టీసీ’ అని అంటించాడు అనగానే మనవాళ్లు ఇండియాకి ఫోన్ చేసి గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించేస్తారు. కాస్త ఆగండి. ఎస్‌టీసీ అంటే సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్, చట్టం లెక్కలో ఇంకా ఏమీ జరగలేదు. స్థిరాస్తి ఒప్పందం రాతలో ఉండి ఇద్దరూ సంతకం చేస్తేనే చెల్లుతుందని ఇక్కడి 1989 నాటి చట్టం చెబుతుంది, కాబట్టి నోటిమాటకీ, ఏజెంట్ పంపిన కంగ్రాచ్యులేషన్స్ ఈమెయిల్‌కీ విలువ లేదు. మన దగ్గర బేరం కుదరగానే అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాయించుకుంటాం కదా, ఇక్కడ ఆ పని సర్వే (ఇంటి పరిస్థితి తనిఖీ), సెర్చ్‌లు (ఇంటికి సంబంధించిన రికార్డుల తనిఖీ), లోన్ అన్నీ అయ్యాక, చాలాసార్లు నెలల తర్వాత జరుగుతుంది. దాన్నే ఎక్స్ఛేంజ్ అంటారు. ఆలోపు ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటే అమ్మేవాళ్లు అటు వెళ్లిపోవచ్చు, కొనేవాళ్లు ఆఖరి వారంలో పది వేలు తగ్గించమని పట్టుబట్టవచ్చు. రెండూ ఒళ్లు మండే పనులే గానీ చట్టవిరుద్ధం కాదు. అప్పటిదాకా సర్వేకీ సొలిసిటర్‌కీ (కొనుగోలు కాగితాలు చూసే లాయర్) పెట్టిన డబ్బు ఎవరిది వాళ్లకే నష్టం. స్కాట్లాండ్ పద్ధతి వేరు, ఇందులో రాసింది అక్కడికి పనికిరాదు.

ఎక్స్ఛేంజ్ రోజున మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఇద్దరు సొలిసిటర్లు ఫోన్లో మాట్లాడుకుని, రెండు కాపీలూ ఒకేలా ఉన్నాయని సరిచూసుకుని, కంప్లీషన్ (మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజు) తేదీ వేసి, టైమ్ రాసుకుంటారు, అంతే. ఆ నిమిషం నుంచి కొనేవాళ్లు వెనక్కి తగ్గితే సాధారణంగా ధరలో 10 శాతం ఉండే డిపాజిట్ పోతుంది, అమ్మేవాళ్లు నష్టపరిహారం కూడా అడగవచ్చు. అందుకే మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) ఆఫర్ లెటర్ చేతికి రాకుండా ఎవరు తొందరపెట్టినా ఎక్స్ఛేంజ్‌కి ఊ అనకండి. చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది: మామూలుగా వాడే కాంట్రాక్ట్ షరతుల ప్రకారం ఎక్స్ఛేంజ్ అయిన క్షణం నుంచి ఇంటి రిస్క్ కొనేవాళ్లదే. తాళాలు రాకముందే ఇల్లు కాలిపోయినా మిగతా డబ్బు కట్టాల్సిందే, కాబట్టి బిల్డింగ్స్ ఇన్సూరెన్స్ ఆ రోజు నుంచే మొదలవ్వాలి, తాళాలు వచ్చే రోజు నుంచి కాదు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు, ఫొటోలు లాంటివేవీ ఇక్కడ ఉండవు. ట్రాన్స్‌ఫర్ డీడ్ మీద ఇంట్లోనే సంతకం పెట్టి పోస్టులో పంపుతారు, కాకపోతే సాక్షి పక్కనే ఉండి కళ్లారా చూడాలి, వీడియో కాల్‌లో చూస్తే చెల్లదు. ఇంట్లోవాళ్లని కాకుండా ఆఫీసు కొలీగ్‌నో పక్కింటాయననో పిలవండి.

ఇక స్టాంప్ డ్యూటీ. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి తీరిగ్గా చదవండి. ‘యూకేలో ఇదే మా మొదటి ఇల్లు, మేం ఫస్ట్ టైమ్ బయర్స్, పన్నులో రాయితీ వస్తుంది’ అనుకుంటారు. చట్టం యూకేలో అనడం లేదు, ప్రపంచంలో ఎక్కడైనా అంటోంది. నాన్నగారు పోయాక గుంటూరు ఇంట్లో మీకు మూడో వంతు వాటా వచ్చింది, మీరు అడగలేదు, అందులో ఉండలేదు, అద్దె తీసుకోలేదు. అయినా సరే మీరు ఫస్ట్ టైమ్ బయర్ కారు, మీతో కలిసి కొంటున్నవాళ్లకి కూడా ఆ రాయితీ పోతుంది.

దానికంటే పెద్దది 5 శాతం సర్‌చార్జ్. కంప్లీషన్ రోజు చివరికి మీకు వేరే ఎక్కడైనా 40,000 పౌండ్లు లేదా అంతకు మించిన విలువగల ఇల్లో, ఇంట్లో వాటానో ఉంటే, పాత సొంతిల్లు అమ్మి దాని బదులు కొంటున్న సందర్భం కాకపోతే, మొత్తం ధర మీద అదనంగా 5 శాతం కట్టాలి. భార్యాభర్తలని ఇందులో ఒక్కటిగానే చూస్తారు. మీ ఆవిడ పేరు మీద పెళ్లికి ముందే కూకట్‌పల్లిలో ఫ్లాట్ ఉందనుకోండి, ఇక్కడి ఇల్లు మీ ఒక్కరి పేరు మీద కొన్నా తప్పించుకోలేరు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్లతో 4 లక్షల పౌండ్ల ఇంటికి లెక్క చూడండి. ఫస్ట్ టైమ్ బయర్ అయితే 5,000, మామూలు కొనుగోలుదారు అయితే 10,000, సర్‌చార్జ్ పడితే 30,000 పౌండ్లు. కొనడానికి ముందు 12 నెలల్లో యూకేలో 183 రోజులు లేకపోతే ఇంకో 2 శాతం. వారసత్వంగా వచ్చింది 50 శాతం మించని వాటా అయితే మూడేళ్ల దాకా సర్‌చార్జ్ లెక్కలోకి తీసుకోరు, కానీ ఫస్ట్ టైమ్ బయర్ రాయితీకి ఈ మినహాయింపు లేదు. ఖాళీ ప్లాట్లు, పొలాలు నివాసం కాదు కాబట్టి భయం లేదు. కడుతున్న ఫ్లాట్ బుక్ చేసి ఉంటే మాత్రం సొలిసిటర్‌కి ముందే కాగితాలు చూపించండి. ‘ఇండియాలో ఆస్తి వాళ్లకెలా తెలుస్తుంది’ అని వాట్సాప్ గ్రూపుల్లో సలహాలిచ్చే అన్నయ్యల మాట వినకండి. స్టాంప్ డ్యూటీ రిటర్న్ సొలిసిటర్ నింపినా అందులోని మాట మీది, పెనాల్టీ పడేదీ మీకే.

డిపాజిట్ ఇండియా నుంచి వస్తోందా? అయితే ఇల్లు వెతకడం మొదలుపెట్టిన రోజే కాగితాలు పోగేయండి. మనీ లాండరింగ్ నిబంధనల వల్ల సొలిసిటర్ అడిగేది డబ్బు ఏ అకౌంట్ నుంచి వచ్చిందని మాత్రమే కాదు, ఆ అకౌంట్‌లోకి ఎలా వచ్చిందని. అమ్మానాన్న స్థలం అమ్మి ఇస్తుంటే సేల్ డీడ్, దానికి ఇంగ్లీషు అనువాదం, బ్యాంక్ స్టేట్‌మెంట్, పాస్‌పోర్ట్ కాపీ, ఇది గిఫ్టేననీ ఇంటి మీద తమకు హక్కు ఉండదనీ వాళ్ల సంతకంతో లెటర్ కావాలి. చిక్కు ఎక్కడంటే, మన దగ్గర సేల్ డీడ్‌లో 40 లక్షలు చూపించి అసలు ధర ఇంకా ఎక్కువ ఉంటుంది కదా, ఆ పైన నగదుగా చేతులు మారినదానికి ఆధారం ఉండదు, ఆధారం లేని డబ్బుని ఇక్కడ ఏ సొలిసిటరూ ముట్టుకోడు. ఇండియాలో ఉన్నవాళ్లు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. మీ ఎన్‌ఆర్‌ఓ అకౌంట్ (ఇండియాలో వచ్చే ఆదాయానికి ఎన్‌ఆర్‌ఐలు పెట్టుకునే ఖాతా) నుంచైతే పది లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చు, దానికి ఆడిటర్ చేత పన్ను సర్టిఫికెట్ చేయించాలి. మార్చి నెలాఖరులో పెట్టుకోకండి.

ఇద్దరి పేరు మీద కొంటుంటే ఏ రకంగా అని అడుగుతారు, తల ఊపేయకండి. జాయింట్ టెనెంట్స్ అయితే ఒకరు పోతే మొత్తం రెండోవాళ్లకే, వీలునామా పనిచేయదు. టెనెంట్స్ ఇన్ కామన్ అయితే ఎవరి వాటా వాళ్లది. అన్నదమ్ములు, స్నేహితులు కలిసి కొంటుంటే, లేదా ఒకరు ఎక్కువ డబ్బు పెడుతుంటే రెండోదే మేలు, ఎవరు ఎంత పెట్టారో డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ రాయించుకోండి.

ఈసీ తీయించడం లాంటిది ఇక్కడ చాలా తేలిక. ల్యాండ్ రిజిస్ట్రీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో 7 పౌండ్లు కట్టి టైటిల్ రిజిస్టర్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు (అదే కాగితానికి మూడు నాలుగింతలు గుంజే సైట్లు సెర్చ్‌లో పైన కనబడతాయి, జాగ్రత్త). యజమాని ఎవరు, ఎవరికి తాకట్టులో ఉంది, ఏం కట్టకూడదు లాంటి షరతులు అందులో ఉంటాయి. లీజ్‌హోల్డ్ ఫ్లాట్ (స్థలం ఇంకొకరిది, మీరు కొనేది కొన్నేళ్ల లీజు) అయితే మొదట చూడాల్సింది లీజులో మిగిలిన సంవత్సరాలు. 80 లోపు పడిపోతే పొడిగించడానికి ప్రస్తుతానికి ఖర్చు బాగా పెరుగుతుంది, లోన్ ఇచ్చేవాళ్లూ వెనకాడతారు. పొడిగింపు అడగడానికి కొన్నాక రెండేళ్లు ఆగాలన్న రూల్ 2025 జనవరి 31 నుంచి పోయింది. గత మూడేళ్ల సర్వీస్ చార్జ్ (బిల్డింగ్ మెయింటెనెన్స్) లెక్కలు, రాబోయే పెద్ద రిపేర్ల నోటీసులు కూడా తెప్పించుకోండి.

అమ్మేవాళ్లకి: ఇంట్లో లోపాలన్నీ మీ అంతట మీరు చెప్పాలని లేదు గానీ, టీఏ6 ఫారంలో (ఇంటి గురించి అమ్మేవాళ్లు నింపే ప్రశ్నల పత్రం) రాసిన జవాబు అబద్ధమైతే కొన్నవాళ్లు తర్వాత కేసు వేయవచ్చు. కంచె గురించి పక్కింటివాళ్లతో ఉత్తరాలు నడిచి ఉంటే రాయండి. గోడ తీసేసి వంటగది పెద్దది చేశారు, బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ లేదు అనుకోండి, కంగారుపడి కౌన్సిల్‌కి (ఇక్కడి మున్సిపాలిటీ) ఫోన్ చేయకండి. ముందు సొలిసిటర్‌తో మాట్లాడండి. ఇలాంటిచోట ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ తీసుకుంటారు, కౌన్సిల్‌కి మీరే చెప్పేస్తే అది సాధారణంగా ఇక దొరకదు. కొనేవాళ్లు మాత్రం గుర్తుంచుకోండి, ఆ పాలసీ కౌన్సిల్ చర్యల నుంచి కాపాడుతుంది గానీ పైకప్పు కుంగితే రిపేర్ చేయించదు. అద్దెకిచ్చిన ఇల్లు లాభానికి అమ్మితే, పన్ను కట్టాల్సి వస్తే కంప్లీషన్ తర్వాత 60 రోజుల్లో రిపోర్ట్ చేసి కట్టాలి.

చివరగా, డబ్బు పంపే రోజు. కంప్లీషన్ దగ్గరపడ్డాక సొలిసిటర్ పేరుతో ‘మా బ్యాంక్ అకౌంట్ మారింది’ అని ఈమెయిల్ వస్తే అది దొంగలదే అనుకోండి, ఎందుకంటే మీ మెయిళ్లు చదువుతూ సరిగ్గా ఆ టైమ్‌కే పంపుతారు. ఆ మెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాకుండా మొదట్లో పోస్టులో వచ్చిన ఉత్తరం మీది నంబర్‌కి ఫోన్ చేసి, అకౌంట్ నంబర్ అంకె అంకె చదివించుకుని సరిపోల్చుకున్నాకే పంపండి.