పాత నడక వంతెన బాగుచేయాలంటే సిమెంటు మూట తెచ్చేముందు ఇది చదవండి

మీ ఊళ్ళో ఏటి మీదో వంక మీదో పాతకాలం ఇటుక వంతెన, బండ్లు పోకుండా మనుషులు మాత్రం నడిచేది ఉండిందంటే దాన్ని కాపాడుకోవడం అనుకున్నంత కష్టం కాదు, కాకపోతే వరస తెలిసి చేయాల.

ముందు దాని వయసు కనుక్కోండి. పిట్టగోడలో శిలాఫలకం ఉంటే ఏళ్ళ తరబడి కొట్టిన సున్నం కింద మునిగిపోయి ఉంటాది, తడిగుడ్డతో మెల్లగా తుడిచి పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీయండి, అరిగిన అక్షరం కూడా నీడతో కనపడతాది. మన చిత్తూరు, తిరుపతి పక్క వంతెనైతే, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అంతకుముందు తిరుపతి, చిత్తూరు రెండూ ఉత్తర ఆర్కాటు కింద ఉండేవి కాబట్టి ఇంకా పాత కాగితాల కోసం చెన్నై ఎగ్మూర్ ఆర్కైవ్స్‌లో వెతకాల.

ఇంక అసలు విషయం, సిమెంటు. మా ఊరి కాడ ఒక వంతెనకి నున్నగా సిమెంటు పూసేశారు, చూడ్డానికి కొత్తదాని మాదిరి ఉండింది, రెండు వానాకాలాలు పోయేసరికి పూత పెచ్చులుగా లేచిపోయింది, లోపల ఇటుక మీద చెయ్యి పెడితే ఎర్రగా పొడి రాలతా ఉంది, నాకైతే ఏడుపొచ్చింది. సున్నం తడిని బయటికి పోనిస్తాది, సిమెంటు పోనీదు, ఆ తడీ ఉప్పూ ఇటుకలోనే నిలిచి దాన్ని తినేస్తాయి. అందుకే సందుల్లో ఒక పాలు చల్లార్చిన సున్నం (కాల్చిన సున్నంలో నీళ్ళు పోసి చేసేది), మూడు పాళ్ళు ఇసుక కలిపిన గచ్చే నింపాల. మన పెద్దోళ్ళు దాంట్లో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసేవాళ్ళు. వదులైన పాత గచ్చు గీకేసి, సందు బాగా తడిపి, కొత్తది గట్టిగా కూరి, తడి గోనెపట్టాలు వారం పైనే కప్పి ఉంచండి, సున్నం నిదానంగా గట్టిపడే సరుకు. చల్లార్చేటప్పుడు మాత్రం సలసలా మరిగి చిమ్ముతాది, కళ్ళకి అద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు.

రావి మొక్కలు చిన్నప్పుడే పీకేయండి. వేరు లావైందంటే లాగొద్దు, ఇటుకలు కూడా ఊడొస్తాయి, మొదలుకి కోసి ఆ కోతకి వెంటనే కలుపు మందు పూయాల.

2021 నవంబరులో స్వర్ణముఖి నది ఎట్ల పారిందో మనమంతా చూసినాం కదా, అట్లాంటి వరద తీసినాక స్తంభాల మొదట్లో గడకర్రతో పొడిచి చూడండి, కింద బోలుగా తగిలితే మట్టి కొట్టుకుపోయినట్టే. ఇసుక తోడేసిన చోట ఇది ఇంకా తొందరగా జరగతాది.

కమానులో పగులు కనిపిస్తే దాని మీద అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ వేసి తేదీ రాయండి. కొన్నాళ్ళకి ఆ పట్టీ కూడా చీలిందంటే పగులు ఇంకా కదలతా ఉన్నట్టు, ఇంక అది మేస్త్రీ చేతిలో పని కాదు, రెండు పక్కలా కంప అడ్డమేసి రాకపోకలు ఆపి ఇంజనీరుని పిలిపించండి.