దీపం, ద్వీపం, ద్విపం... నిఘంటువులో మాట వెతకడం ఎలా?

మా అక్క బిడ్డ ఏడో తరగతి. బడివాళ్లతో నాగార్జునసాగర్ చూసొచ్చి రాసిన వ్యాసంలో "నాగార్జునకొండ చుట్టూ నీళ్లున్న దీపం" అని రాసింది. టీచరమ్మ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి వదిలేసింది. "ఒక్క ఒత్తే గదా మామా పోయింది!" అని పిల్ల మూతి ముడుచుకుంది. వంటింట్లోంచి మా అమ్మ అందుకుంది: "దీపానికి ఒత్తి, ద్వీపానికి ఒత్తు. ఏది మరిచినా పని గాదు బిడ్డా."

సరే, నల్లగొండ ఇంట్లో అటక మీదున్న పాత నిఘంటువు దింపాం. అయిదు నిమిషాలు వెతికినా పిల్లకు దీపమే దొరకలేదు. కారణం చిన్నదే. 1885 నాటి శబ్దరత్నాకరం లాంటి పాత నిఘంటువుల్లో "దీపం" ఉండదు, "దీపము" ఉంటుంది. కాబట్టి మొదటి పని: చివర సున్న ఉంటే దాన్ని తీసి "ము" పెట్టి వెతకండి. పుస్తకం లేకపోతే ఆంధ్రభారతి సైటు ఉంది. అక్కడ ఒక్కసారి కొడితే బ్రౌన్ నిఘంటువుతో సహా చాలావాటిలో అర్థాలు వస్తాయి. కానీ పిల్లలకు మాత్రం ఒకసారి పేజీలు తిప్పడం నేర్పండి. పక్క మాటలు కంటపడేది అక్కడే.

రెండో పని, వరుస తెలుసుకోవడం. ద, దా, ది, దీ, దు... ఇలా గుణింతమంతా అయ్యాకే ద్య, ద్ర, ద్వ వస్తాయి. అందుకే చూడ్డానికి కవలల్లా ఉన్నా దీపం ఒకచోట, ద్వీపం ఎన్నో పేజీల అవతల ఉంటాయి. దూడ, దేవుడు, దొర అందరినీ దాటుకుని పోవాలి. మధ్యలో సున్న ఉన్న మాటలైతే ముందే వస్తాయి. కందీలు, అంటే లాంతరు కావాలంటే కత్తి కంటే ముందు చూడండి.

ఇక మాట దొరికాక దాన్ని విడదీసి చూడండి. నాకైతే అసలు మజా ఇక్కడే. దీపంలో ఉన్నది వెలగడం అనే ధాతువు. దీప్తి, దీపిక, ప్రదీపం అన్నీ ఆ ఇంటివే. ద్వీపంలో "ద్వి" అంటే రెండు, "అప్" అంటే నీళ్లు. రెండు పక్కలా నీళ్లున్నది ద్వీపం. మరి దీర్ఘం తీసేసి ద్విపం అంటే? ఏనుగు! రెండుసార్లు తాగేది అని అర్థం: ముందు తొండంతో, తర్వాత నోటితో. చివర మార్చి ద్వీపి అంటే పులి. పిల్ల పడీ పడీ నవ్వింది. ఒత్తు పెట్టి దీర్ఘం మరిచి ఉంటే నాగార్జునకొండ నీళ్ల మధ్య ఏనుగయ్యేది.

మాట పక్కన ఉండే పొట్టి అక్షరాలను వదిలేయకండి. వి. అంటే విశేష్యం, అదే నామవాచకం. సం. అంటే సంస్కృతం, దే. అంటే దేశ్యం, అదే అచ్చ తెలుగు మాట, వై. అంటే వైకృతం, అంటే రూపం మారి తెలుగులో కలిసినది. దీపం నుంచి దివ్వె, ద్వీపం నుంచి దీవి అలా వచ్చినవే. దివి దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక దివి ఆకాశం, ఇంకో దివి ద్వీపం. మన సాగర్ దాటిపోయిన కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట ఉన్న దివిసీమ పేరులో ఉన్నది ఈ రెండోదే.

ఇంగ్లిషు మాటలకూ ఇదే పద్ధతి. ల్యాంప్ దీపం, ల్యాంబ్ గొర్రెపిల్ల, లంప్ ముద్ద, లింప్ కుంటడం. ఇవి చూపులకే చుట్టాలు. ల్యాంప్‌కు నిజమైన చుట్టం మన లాంతరు. రెండూ వెలుగు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే వచ్చాయి. కందీలు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన ఊళ్లకొచ్చింది. అది క్యాండిల్‌కు వరసైనది.

ఆఖరి పని, ఇంట్లో పెద్దవాళ్లను అడగడం. మనవైపు ప్రమిదలను దీపంతలు అంటారు, బల్బును బుగ్గ అంటారు. ఇలాంటివి పుస్తకంలో దొరక్కపోతే మాట తప్పనుకోకండి, నోట్‌బుక్‌లో రాసుకోండి. మా పిల్ల అమ్మమ్మను అడిగి నిఘంటువు పద్ధతిలోనే రాసింది:

"ఎక్కదీపం: వి. గ్యాస్‌నూనె (కిరోసిన్) పోసి, మూత బొక్కలోంచి ఒత్తి పెట్టి వెలిగించే చిన్న బుడ్డి."

మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివించుకుంది. "పొద్దుగాల లేస్తే ముక్కుల నిండ మసి ఉండేది, అది రాయలేదేందే?" అంది. పిల్ల మళ్లీ పెన్ను తీసింది.