చిన్న కుక్కను సైకిల్ మీద తీసుకెళ్లే ముందు

ఎండాకాలం సెలవులు వస్తున్నాయి. కుక్కపిల్లను బుట్టలో ఎక్కించుకునే ముందు ఇవి చూసుకోండి.

– మెడ పట్టీకి తాడు కట్టి బుట్టకు ముడేయకండి. పిల్లి కనబడి దూకిందంటే ఉరి పడుతుంది. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేసి, వీపు మీది రింగుకే పొట్టి తాడు తగిలించండి. కూర్చుని లేచేంత వదులు చాలు, బుట్ట అంచు దాటనివ్వకూడదు.

– తాడు కొస వేలాడితే చక్రంలో చుట్టుకుంటుంది.

– స్టాండ్ వేసి, కుక్కను బుట్టలోనే వదిలి టీకి వెళ్లకండి. కాస్త కదిలినా సైకిల్ ఒరిగిపోతుంది.

– పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు ఎండకు అసలు తట్టుకోలేవు, పాపం. పొద్దున్నే వెళ్లొచ్చేయండి. వగర్పు ఎక్కువైతే నీడలో దింపి, నీళ్లు పట్టి, ఒళ్లు తడపండి.

– వీధికుక్కలు వెంటపడితే స్పీడు పెంచకండి, ఇంకా తరుముతాయి. దిగి, సైకిల్ అడ్డం పెట్టుకుని నడవండి.