పక్క రాష్ట్రం డ్యామ్‌పై అర్జీ ఎలా రాయాలి

చింతూరులో నాది చిన్న టైపింగ్, జిరాక్స్ షాపు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట నుంచి, ఒడిశాలోని మోటు నుంచి కూడా అర్జీలు రాయించుకోవడానికి వస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: “డ్యామ్ మీ రాష్ట్రంలో, మునిగేది మా పొలం. మా మాట ఎవరు వింటారు సార్?”

వినాల్సిందే. 2005లో పోలవరంపై ప్రజాభిప్రాయ సేకరణ అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లోనే పెట్టారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో పెట్టలేదని 2007లో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని కొట్టేసింది. తర్వాత ఆ ఆదేశంపై హైకోర్టు స్టే ఇచ్చిందనుకోండి, అది వేరే కథ.

కొత్త ప్రాజెక్టు ఏదైనా వస్తుందంటే ముందు పేపర్లో ప్రకటన చూడండి. ప్రజాభిప్రాయ సేకరణ సభకు కనీసం 30 రోజుల గడువు ఉండాలి. ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం స్థానిక భాషలో కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ ఆఫీసులో దొరకాలి. అందులో మీ ఊరి పేరు ఉందో లేదో వెతకండి. లేకపోతే అర్జీలో మొదటి పాయింటు అదే.

సభలో మాట్లాడే హక్కు స్థానికంగా నష్టపోయేవాళ్లది. అక్కడ ఉండనివాళ్లు రాతపూర్వకంగా పంపొచ్చు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ఈ వీలు ఇచ్చింది. రెండు రాష్ట్రాల మండళ్లకూ, కేంద్ర పర్యావరణ శాఖకూ ఒక్కో కాపీ పంపమంటాను.

ఇక రాయడం. ఒక తాత నాలుగు పేజీలు చెప్పాడు, అన్నీ తిట్లే. “1986 వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి తాతా?” అన్నాను. “బడి కిటికీ దాకా” అన్నాడు. “మరి 2022లో?” “మెట్ల దాకా.” తిట్లన్నీ తీసేసి అదే రాశాం: సర్వే నంబరు, బడి కిటికీ, మెట్లు, రెండు సంవత్సరాలు. కింద ఒకే ప్రశ్న: డ్యామ్ నిండుగా ఉన్నప్పుడు అంతే వరద వస్తే నీళ్లు మా ఊళ్లో ఎక్కడిదాకా ఎక్కుతాయి? ఇలాంటి దానికి లెక్క చూపించాలి, “పరిశీలిస్తాం” అంటే సరిపోదు.

కాపీ మీద ఆఫీసు స్టాంపు వేయించుకోండి. ఒకచోట మాకు వెయ్యనన్నారు. ఎదురుగా పోస్టాఫీసుకెళ్లి స్పీడ్ పోస్టు చేసి రసీదు అర్జీకి పిన్ను కొట్టాం.

సభకు వెళ్తే చివరిదాకా కూర్చోండి. భోజనాల వేళకి సగం మంది లేచిపోతారు. కానీ నమోదైన అభిప్రాయాలను స్థానిక భాషలో చదివి వినిపించేది ఆఖర్లోనే. మీరు అన్నది అందులో లేకపోతే అప్పుడే లేచి అడగాలి.

అనుమతి వచ్చేసిందా? జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు. గట్టి కారణం చూపిస్తే ఇంకో 60, అంతకు మించి లేదు. ఆంధ్ర కేసులు చెన్నైకి, ఒడిశావి కోల్‌కతాకి, ఛత్తీస్‌గఢ్‌వి భోపాల్‌కి వెళ్తాయి. రెండు రాష్ట్రాల గొడవ ఎక్కడ వెయ్యాలో లాయర్‌నే అడగండి. ఈలోగా కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వివరాలు పెట్టే పరివేశ్ వెబ్‌సైట్ చూస్తూ, అనుమతి తేదీ క్యాలెండర్లో రాసుకోండి. నా షాపులో ఈ తేదీల కోసమే ఇంకో క్యాలెండర్ వేలాడదీశాను.