పన్ను నొప్పి తనంతట తానే ఆగిందా?

రాత్రంతా నిద్రపోనివ్వని పన్ను నొప్పి నాలుగు రోజులకు దానంతటదే ఆగిపోతే సంబరపడకండి. చాలాసార్లు లోపలి నరం చచ్చిపోవడం వల్లే ఆ హాయి. చీము మాత్రం వేరు కొసన పెరుగుతూనే ఉంటుంది. లవంగ నూనె ఆ పూటకే. దీనికి చేసే రూట్ కెనాల్ చికిత్సలో పన్ను ఊడదీయరు. మత్తు ఇచ్చి, కుళ్ళిన గుజ్జు తీసేసి, వేరు కాలువలను శుభ్రం చేసి, రబ్బరులాంటి గట్టాపర్చాతో నింపుతారు. అసలు పొరపాటు ఆ తర్వాతే జరుగుతుంది: నొప్పి పోయింది కదా అని పన్ను మీద తొడిగే క్యాప్‌ను వాయిదా వేస్తారు. మా ఇంట్లో ఒకరు అలాగే రెండు నెలలు గడిపి, జంతిక కొరికి దవడ పన్నును నిలువునా చీల్చుకున్నారు. అందుకే క్యాప్ ఖర్చు కూడా ముందే అడిగి లెక్కలో వేసుకోండి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళండి.