నడుం నుంచి కాలులోకి గుంజే నొప్పికి ఇంట్లో టెన్స్ మిషన్ వాడే పద్ధతి

నడుంలో డిస్క్ జారి నరాన్ని ఒత్తితే నొప్పి పిర్ర మీదుగా తొడ వెనక నుంచి పిక్కలోకి గుంజుతుంది. టెన్స్ మిషన్ ఆ ఒత్తిడిని ఏమాత్రం తగ్గించదు. చర్మం మీంచి పంపే చిన్న కరెంటుతో, నొప్పి మెదడుకు చేరకుండా వెన్నుపాము దగ్గరే కొంత అడ్డుపడుతుంది. సయాటికా అనే ఈ కాలులోకి గుంజే నొప్పికి ఇది గట్టిగా పనిచేస్తుందన్న రుజువులు లేవు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో నడుంనొప్పికి, సయాటికాకు దీన్ని వాడొద్దనే చెప్పింది. అయినా కొందరికి పెట్టుకున్నంతసేపు, ఆ తర్వాత కాసేపు హాయిగా ఉంటుంది. అందుకే ముందు ఫిజియోథెరపిస్టు దగ్గర కరెంట్ పెట్టించుకుని, గుణం కనిపిస్తేనే మిషన్ కొనండి.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. గర్భిణులు, మూర్ఛ, క్యాన్సర్ ఉన్నవాళ్లు, కాలి రక్తనాళంలో గడ్డ కట్టినవాళ్లు డాక్టర్‌ను అడగనిదే వాడొద్దు. గొంతు మీద, ఛాతీ మీద, పుండ్ల మీద ఎవరూ పెట్టుకోకూడదు.

చర్మాన్ని సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కొబ్బరినూనె, నొప్పి బామ్ జిడ్డు ఉంటే ప్యాడ్ అంచు లేస్తుంది. అప్పుడు కరెంటంతా అంటుకున్న కొద్దిచోటే గుమిగూడి సూదిలా గుచ్చుతుంది, చర్మం కాలొచ్చు కూడా. మే నెల ఎండల్లో చెమటతోనూ ఇదే తంటా, కాబట్టి ఫ్యాన్ కింద కూర్చోండి. ప్యాడ్ పెట్టే చోట దూదితో, తర్వాత అగ్గిపుల్ల మొనతో తాకి చూడండి. తేడా తెలియకపోతే అక్కడ పెట్టొద్దు. నరం నొక్కుకుపోయినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు పాదం మొద్దుబారి ఉంటే కరెంటు ఎక్కువైనా తెలియదు.

నాలుగు ప్యాడ్ల మిషన్ అయితే ఒక జత నడుం కింది భాగంలో, వెన్నెముక ఎముకకు రెండు వేళ్ల దూరంలో, నొప్పి వైపు కిందా పైనా అంటించండి. రెండో జతలో ఒకటి పిర్ర మీద, ఒకటి తొడ వెనక. ప్యాడ్లు ఒకదానికొకటి తగలకూడదు.

ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు కరెంటు తాకుతుందో) 80 నుంచి 100 హెర్ట్జ్, పల్స్ వెడల్పు (ఒక్కో తాకిడి ఎంతసేపు ఉంటుందో) 100 మైక్రోసెకన్ల దగ్గర పెట్టి, కరెంటును సున్నా నుంచి మెల్లగా పెంచండి. గట్టిగా జివ్వుమనాలి, నొప్పి పుట్టకూడదు. కండ ఎగిరిపడితే ఒక మెట్టు తగ్గించండి. కొద్ది నిమిషాల్లో శరీరం అలవాటుపడి ఆ జివ్వు పలచబడుతుంది, అప్పుడు మళ్లీ ఒక మెట్టు పెంచాలి. పెంచకుండా వదిలేసి మిషన్ పనిచేయడం లేదనుకునేవాళ్లే ఎక్కువ. ఒక్కసారికి అరగంట, రోజుకు రెండు మూడుసార్లు చాలు. రోజుల తరబడి ఒకే సెట్టింగ్ వాడితే గుణం తగ్గొచ్చు, అప్పుడు కరెంటు తీరు దానంతటదే మారుతూ ఉండే మాడ్యులేషన్ మోడ్‌కు మార్చండి.

నొప్పి తగ్గిన ఆ కాసేపట్లో నడవండి, నేర్పిన వ్యాయామాలు చేయండి. తగ్గింది కదా అని యూరియా బస్తా ఎత్తితే డిస్క్ ఇంకా జారొచ్చు. బండి నడుపుతూ, నిద్రపోతూ, తడి చేతులతో, చార్జింగ్ పెట్టి ఉండగా వాడొద్దు. మిషన్ ఆపాకే ప్యాడ్ తీయండి, వైరు పట్టి లాగొద్దు. జిగురు తగ్గితే ఒక నీటిచుక్క రాసి చూడండి, అప్పటికీ అంటకపోతే కొత్తవి కొనాల్సిందే.

నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఫ్లోరోసిస్‌తో ఎముక పెరిగి వెన్నుపాము మీదే ఒత్తిడి పడొచ్చు. కాళ్లు బిగుసుకుని నడక తడబడుతుంటే మిషన్ పక్కన పెట్టి, ఎంఆర్ఐ కోసం డాక్టర్‌ను కలవండి. మూత్రం ఆగినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, నడుస్తుంటే పాదం ముందు భాగం నేలకు ఈడ్చుకుంటున్నా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.